ఉత్తమ రైతు గారి మొదటి ఊడ్పు

పోయిన వారం రామతులసిని, చేతిలో నారు కట్టతో, నోట మాట రాకుండా, గట్టు మీద నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం నుంచీ అలాగే నిలబడి ఉంది. ముందు ఆమె సంగతి చూద్దాం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం జరిగింది నాలుగు మాటల్లో చెబుతాను. హనుమాన్ జంక్షన్ దగ్గర కుడికి తిరిగి, కాలువ వెంబడి పోతే గట్టువారిపాలెం వస్తుంది. అక్కడ కాలువ కింద మూడెకరాల మాగాణి ఉంది. ఊళ్ళో దాన్ని మేష్టారి చేను అంటారు. మేష్టారంటే అచ్యుతరామారావు గారు. కాలేజీలో ముప్ఫై నాలుగేళ్ళు బోటనీ చెప్పి రిటైరై గుణదలలో ఉంటున్నారు. ఆ చేను పన్నెండేళ్ళుగా కౌలుకి చేస్తున్నది రామతులసి. మొగుడు హనుమయ్య లారీ డ్రైవరు, నెలకి ఇరవై రోజులు రోడ్ల మీదే ఉంటాడు. దమ్ము నుంచి నూర్పిడి దాకా చేలో ఉండేది ఆమే. కానీ సర్కారు రికార్డులో ఆమె లేదు. సాగుదారు పేరు అని ఉన్న గడిలో ఏటా 'స్వంత సాగు' అని రాసేసి చేతులు దులుపుకుంటారు. అంచేత సబ్సిడీ విత్తనాలు కావాలన్నా, ధాన్యం మద్దతు ధరకి అమ్మాలన్నా, ఓటీపీ మేష్టారి ఫోనుకే పోతుంది. ఆయన ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఫోను ఆపి కునుకు తీస్తారు. ఆ కునుకు అయ్యేదాకా ధాన్యం లారీ రోడ్డు మీద ఆగిన రోజులున్నాయి.

రికార్డులో పేరెక్కడానికి కావలసిన కౌలు కార్డు కోసం రామతులసి నాలుగుసార్లు గుణదల వెళ్ళింది. నాలుగుసార్లూ మంచి కాఫీ ఇచ్చారు, మంచి మాటలు చెప్పారు, సంతకం మాత్రం పెట్టలేదు. మేష్టారి నాన్నగారు ఎప్పుడో నోటిమాట మీద కౌలుకిచ్చిన పొలం కోర్టుకెక్కి పంతొమ్మిదేళ్ళు నలిగింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో కౌలు అన్న మాటే పలకరు. రామతులసిని 'మా చేను చూసే అమ్మాయి' అంటారు. ఏటా వచ్చే కౌలు బస్తాల్ని 'ఇంటి బియ్యం' అంటారు. ఈ ఏడు కార్డుల గడువు శనివారంతో సరి. ఇవాళ గురువారం.

ఇంతలో ఏమైందంటే, కిందటి సార్వాలో, అంటే వానాకాలం పంటప్పుడు, పంట కోత ప్రయోగానికి వచ్చిన అధికారులు ఈ చేలోనే కొలత గీసి, కోయించి, తూచారు. జిల్లాలో అంత దిగుబడి ఇంకెక్కడా రాలేదట. మొన్న గుణదల ఇంటికి ఉత్తరం వచ్చింది: అచ్యుతరామారావు గారూ, మీరు జిల్లా ఉత్తమ రైతు, సోమవారం విజయవాడలో సన్మానం, మీ సాగు అనుభవాలు పది నిమిషాలు చెప్పాలి.

మేష్టారు కారు వేసుకుని తిన్నగా చేలోకి దిగారు. దిగి, ఊడ్పులు వేయిస్తున్న రామతులసిని ఒక్క మాట అడిగారు. ఆ మాట దగ్గరే కిందటి వారం ఆగాం.

"చెప్పమ్మా తులసీ," అన్నారు మేష్టారు మళ్ళీ. "నేనీ పంట ఎలా పండించానో కాస్త వివరంగా చెప్పు. పదకొండింటికి ఆఫీసరు గారు చూడ్డానికి వస్తున్నారు."

రామతులసికి కడుపు మండింది. దాని వెనకే నవ్వూ వచ్చింది. ఏది ముందు బయటపెట్టాలో తెలీక నారు కట్ట కింద పడేసి, చేతులు కాలవలో కడుక్కుంది.

"ఎట్టాగండీ చెప్పేది?" అంది చివరికి. "పండించింది మీరైతే మీకే తెలియాలి గదండీ."

"అదే కదా వచ్చిన చిక్కు," అన్నారాయన ఏమాత్రం తొణక్కుండా. తువ్వాలు పరిచి గట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. రెండొందల పేజీల నోటుబుక్కు తెరిచి, పెన్ను టోపీ తీశారు. పాఠం చెప్పే మనిషి పాఠం వినడానికి కూర్చుంటే ఎంత ముద్దుగా ఉంటారో రామతులసికి అప్పుడే తెలిసింది. కోపం సగం అక్కడే జారిపోయింది.

చేలో వంగి నాటుతున్న ముఠాలోంచి శౌరమ్మ నడుము ఎత్తి చూసింది. శౌరమ్మ ఆ ఊరి ఊడ్పుల ముఠాకి పెద్ద. డెబ్బైకి దగ్గర పడ్డా నాటులో పడుచువాళ్ళని వెనకేస్తుంది.

"సొమ్మొకరిది సోకొకరిది అంటే ఇదేనర్రా పిల్లలూ," అంది ముఠాతో, మేష్టారికి వినపడేలాగే. ముఠా అంతా కిసుక్కుమంది. శౌరమ్మ గట్టెక్కి, దూరంగా రోడ్డు మీద ఆగిన కారు వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "కారులో ఉంది మన కరణంగారి చిన్నమ్మాయిగారు గాదూ? ఎన్నేళ్ళయింది చూసి! పలకరించొస్తా."

కారులో ఉన్నది మేష్టారి భార్య బాలాత్రిపురసుందరి గారు. ఆవిడ ఈ ఊరి ఆడపడుచే. మోకాళ్ళ నొప్పులని ఎక్కడికొచ్చినా కారు దిగరు. శౌరమ్మ బురద కాళ్ళతో పోయి అద్దం దగ్గర నిలబడింది. అద్దం కిందికి జారింది. ఆ తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గానీ నవ్వులు మాత్రం గట్టు దాకా వినిపించాయి.

"మొదటి ప్రశ్న," అన్నారు మేష్టారు. "వాళ్ళు పంపిన కాగితాల్లో పట్టాదారు అని ఒకచోట, సాగుదారు అని ఒకచోట వాడారు. ఈ రెండింటికీ తేడా ఏమిటి?"

రామతులసి తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"పట్టాదారంటే వాన పడితే సంతోషించేవాడండి. సాగుదారంటే వాన పడితే గొడుగేసుకుని, గట్టు తెగిందేమోనని పరిగెత్తేవాడండి."

"బాగుంది," అన్నారు మేష్టారు. ఒక గీత గీసి, ఇటు వాన, సంతోషం అనీ, అటు వాన, గొడుగు అనీ శ్రద్ధగా రాసుకున్నారు. "ఇప్పుడు ఎరువుల సంగతి. నేనేం వేశాను?"

"ముందు జీలుగ చల్లారండి మీరు. పచ్చిరొట్టకి. నలభై అయిదో రోజున, పూత రాకముందే, కలియదున్నించారు. ఆ రోజు పొద్దున ఆరింటికల్లా చేలో ఉన్నారండి."

"ఎవరు?"

"మీరేనండి."

మేష్టారు రాసుకున్నారు. పొద్దున ఆరు.

"ఆ మధ్యాహ్నం మీ కాలికి గాజుపెంకు గుచ్చుకుందండి. పైనించి ఎవరో కాలవలో సీసాలు పారేస్తారు గదా. గుడ్డ కట్టుకుని మళ్ళీ దిగారు, ట్రాక్టరు మళ్ళా దొరకదని."

పెన్ను ఆగింది. "నాకా?"

"మీకేనండి. రాసుకోండి. సాయంత్రానికి జొరం వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు, మా ఆయన లారీ మీద పోయారు. జొరంతోనే మర్నాడు నారుమడికి నీళ్ళు పెట్టారు మీరు. దసరా ముందు పైరుకి దోమ పడితే చేలో నీళ్ళు తీసేసి మూడు రోజులు ఆరబెట్టారండి. పక్క చేలవాళ్ళు నవ్వారు, నీళ్ళు తీసేస్తే పొట్ట దశలో పైరు చచ్చిపోద్దని. మీకు భయమేసింది. అయినా తీసేశారు. పైరు నిలబడింది. ఆ రోజు మీరు గట్టు మీద కూర్చుని ఏడ్చారండి, సంతోషానికి."

నవ్వించాలనే మొదలుపెట్టింది రామతులసి. చెబుతూ చెబుతూ ఉండగా నవ్వించాలన్న సంగతే మర్చిపోయింది. ఆ ఏడాదంతా ఎవరికీ చెప్పుకోలేదు తను. హనుమయ్యకి చెబితే సగంలో నిద్రపోయేవాడు. ఇప్పుడు ఒక మనిషి కూర్చుని, ఒక్క మాట పొల్లుపోకుండా రాసుకుంటున్నాడు. కాకపోతే అదంతా ఆయన చేసినట్టు రాసుకుంటున్నాడు. పన్నెండేళ్ళ చాకిరీలో ఒక్కసారైనా తన పేరు ఒక కాగితం మీద చూసుకోవాలన్నదే రామతులసి కోరిక. అది ఇవాళ కూడా తీరేలా లేదు.

మేష్టారు రాయడం మానేశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏదో అనబోయారు. ఇంతలో జీపు వచ్చింది.

జీపులోంచి దిగిన ఆవిడ పేరు సంయుక్త. వ్యవసాయ శాఖలో ఏడీ, అంటే అసిస్టెంట్ డైరెక్టరు. నలభై ఏళ్ళుంటాయి, చెప్పులు జీపులోనే వదిలి గట్టు మీద నడిచి వచ్చారు. వెనకాలే ట్యాబు పట్టుకుని చక్రి. ఆ ఊరి రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుడు. సన్మానానికి పేరు రాసి పంపింది అతనే.

"నమస్కారం సార్. మీరేనా మన ఉత్తమ రైతు?" అన్నారు సంయుక్త. "సోమవారం కరపత్రం వేస్తున్నాం. నాలుగు ప్రశ్నలు అడిగి, చేలో ఒక ఫోటో తీసుకుని వెళ్ళిపోతాను."

మేష్టారు లేచి పంచె సర్దుకున్నారు. ముప్ఫై నాలుగేళ్ళ అనుభవం ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. వరి శాస్త్రీయ నామంతో మొదలుపెట్టి, దాని కుటుంబం, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుంటూ పోయారు. సంయుక్త ఓపిగ్గా విన్నారు. వినీ వినీ, చేలో మధ్యమధ్య వదిలిన ఖాళీ బారుల్ని చూపించి అడిగారు.

"మీ చేలో కాలిబాటలు చాలా చక్కగా తీశారు సార్. ఎందుకు తీయించారు?"

ఈ ప్రశ్న నోటుబుక్కులో లేదు. మేష్టారు ఒక్క క్షణం తడబడ్డారు. కానీ లెక్చరరు తడబడితే క్లాసు చేయి దాటిపోతుందని ఆయనకి తెలుసు.

"నడవడానికి," అన్నారు గంభీరంగా.

"ఎవరు సార్?"

"నేనే. సాయంకాలం పూట. డాక్టరు రోజూ నడవమన్నారు."

చేలో ముఠా మొత్తం నడుములు ఎత్తింది. రామతులసి కొంగు నోట్లో కుక్కుకుంది. గాలి ఆడటానికి, దోమ పట్టకుండా ఉండటానికి తీస్తారని అంతకుముందే తను చెప్పి ఉండాల్సింది. చక్రి ట్యాబులో మొహం దాచుకున్నాడు. సంయుక్త మాత్రం నవ్వకుండా, "మంచి అలవాటు సార్," అన్నారు.

అప్పటికి శౌరమ్మ కారు దగ్గర్నుంచి తిరిగొచ్చింది. వస్తూనే ఒక పచ్చి నారు కట్ట తీసుకుని తిన్నగా మేష్టారి కాళ్ళ ముందు పెట్టి, రెండు చేతులూ నడుం మీద వేసుకుని నిలబడింది. ఊడ్పులప్పుడు ఆసామి గట్టు మీదికొస్తే నారు కట్ట అడ్డం పెట్టి మామూలు అడగడం ఆ ముఠా ఆచారం. ఇచ్చేదాకా అడుగు కదలనివ్వరు.

మేష్టారు జేబులో చెయ్యి పెట్టారు.

"మాకు డబ్బులొద్దండీ బాబుగారూ," అంది శౌరమ్మ. "జిల్లాకే ఉత్తమ రైతంట గదా మీరు. మాతో పాటు ఒక్క వరస నాటండి. అదే మా మామూలు."

"ఫోటోకి కూడా బాగుంటుంది సార్," అన్నారు సంయుక్త.

రామతులసికి భయమేసింది. డెబ్బై దాటిన మనిషి, బురదలో కాలు జారితే తుంటి ఎముక పోతుంది. "వద్దులెండి మేష్టారూ, నేను ఏదో ఒకటి చెప్పి పంపిస్తా," అని మెల్లిగా అంది. ఆయన వినిపించుకోలేదు. పంచె పైకి దోపి, ఎడమ చెప్పు గట్టు మీద వదిలి, కుడి చెప్పుతోనే చేలో దిగారు. కాలు మోకాలి దాకా పోయింది. పైకి తీస్తే కాలు వచ్చింది గానీ చెప్పు రాలేదు. అది ఇప్పటికీ ఆ చేలోనే ఉంది.

రామతులసి దిగి ఆయన మోచెయ్యి పట్టుకుంది. చేతికి నాలుగు మొక్కలు ఇచ్చింది. మేష్టారు వాటిని వెంటనే నాటలేదు. తలకిందులు చేసి, వేళ్ళు ఎండకి పట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని చూశారు. తర్వాత మేకు దిగ్గొట్టినట్టు బురదలోకి గుచ్చారు.

"అంత లోతు వద్దండీ. రెండు వేళ్ళు చాలు. లోతుగా పోతే పిలకలు వెయ్యదు."

"పిలకలు," అన్నారు మేష్టారు ఆగిపోయి. "మొదటి కణుపు దగ్గర్నుంచి వచ్చే పిలకలేనా? ముప్ఫై నాలుగేళ్ళు బోర్డు మీద రంగు సుద్దముక్కలతో గీశానే దాన్ని!"

"అదేనండి. ఇక్కడ్నించే వచ్చుద్ది. చూడండి, వేలు పెట్టి చూడండి."

ఆయన వేలు పెట్టి చూశారు. మొహం చిన్నపిల్లాడి మొహమైపోయింది. రెండో కుదురు బాగానే పెట్టారు. మూడోది పడిపోయింది. నాలుగోది నిలబడగానే గట్టు మీద వాళ్ళందరికీ చూపించారు. ముఠా ఈలలు వేసింది, శౌరమ్మ పాట అందుకుంది. వరస మాత్రం కాలవ లాగా వంకర్లు తిరిగి, చివరికి పక్కవాళ్ళ వరసలో కలిసిపోయింది. పది కుదుళ్ళకి మేష్టారి నడుము పట్టేసింది. లేవబోతే లేవలేకపోయారు. రామతులసి ఒక పక్క, చక్రి ఒక పక్క పట్టి నిలబెట్టారు.

"ఇలా రోజుకి ఎంతసేపు వంగుతారు మీరు?" అని అడిగారు రొప్పుతూ.

"పొద్దెక్కిన కాడ్నించి పొద్దు వాలేదాకానండి."

మేష్టారు బురద కాళ్ళతో, బురద చేతులతో అలాగే నిలబడి చేనంతా ఒకసారి కలయజూశారు. చక్రి ఫోటో తీయబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"అమ్మా," అన్నారు సంయుక్తతో. క్లాసులో వాడే గొంతు కాదది. "నేను ఉత్తమ రైతుని కాదు. అసలు రైతునే కాదు. ఈ ఊరికి ఏడాదికోసారి వస్తాను, కారు దిగకుండా చూసి వెళ్ళిపోతాను. కాలిబాటలు దేనికో నాకు తెలీదు. కాలికి గాజుపెంకు గుచ్చుకున్నది నాకు కాదు. ఈ పంట పండించింది ఈ అమ్మాయి."

"ఈవిడ ఎవరు సార్?"

మేష్టారు నోరు తెరిచారు. మా చేను చూసే అమ్మాయి అనబోతున్నారని రామతులసికి అర్థమైంది. పన్నెండేళ్ళుగా వింటున్న మాటే కదా అది. తల దించుకుంది.

"మా కౌలుదారు," అన్నారు మేష్టారు.

ఆయన నోట ఆ మాట వినడం రామతులసికి అదే మొదలు. ఇంత చిన్న మాట. దీనికోసమా తను బస్సులు మారి గుణదల దాకా నాలుగుసార్లు వెళ్ళింది? కళ్ళు నిండిపోయాయి. తుడుచుకుందామంటే చేతులు రెండూ బురద. శౌరమ్మ తన కొంగుతో ఆమె కళ్ళు తుడిచి, ఎందుకో తనూ ముక్కు చీదుకుంది.

"నాకు రాగానే తెలిసింది సార్," అన్నారు సంయుక్త నవ్వుతూ. "మీ పాదాలు చూసి. మీ అంతట మీరు చెబుతారేమోనని ఆగాను."

"మరి నాకు జైలా?" అన్నారు మేష్టారు.

"జైలు దేనికి? శనివారం లోగా ఆమెకి పంట సాగుదారు హక్కు పత్రం, అదే కౌలు కార్డు, ఇప్పించండి చాలు. సోమవారం సన్మానం సంగతి నేను చూసుకుంటాను. ఆ పత్రానికి గడువు పదకొండు నెలలు. దాంతో వచ్చే హక్కు పంట మీదే గానీ భూమి మీద కాదు. ఆ ముక్క అందులోనే రాసి ఉంటుంది, చదువుకోండి."

"చదివే ధైర్యం లేకే ఇన్నేళ్ళు..." అని ఆయన పూర్తిచేయలేదు. చేతులు కడుక్కుని, జేబులోంచి పెన్ను తీశారు. "ఏదీ, ఎక్కడ పెట్టాలి సంతకం?"

చక్రి గబగబా ఫారం తీశాడు. ట్యాబులో సర్వే నంబరు కొట్టాడు. తెర మీద వివరాలు వచ్చాయి. చక్రి వాటిని చదివి, మళ్ళీ నంబరు కొట్టి, మళ్ళీ చదివాడు. మొహం పాలిపోయింది.

"సార్, మీ సంతకం చెల్లదండి," అన్నాడు.

"చెల్లకపోవడమేమిటి? ఉత్తరం నా పేరునే వచ్చిందిగా!"

"అది... ఆ లిస్టు చేత్తో రాసి పంపానండి. ఊళ్ళో అందరూ మేష్టారి చేను అంటారు గదా అని మీ పేరు రాసేశాను. రికార్డు చూసుకోలేదు." చక్రి ట్యాబు అందరికీ కనిపించేలా తిప్పాడు. "పట్టాదారు బాలాత్రిపురసుందరి గారండి. మీరు కాదు. ఫోను నంబరొక్కటే మీదుంది."

మేష్టారు ట్యాబు వైపు చూశారు, కారు వైపు చూశారు. పెళ్ళయిన కొత్తలో మామగారు పసుపు కుంకుమల కింద ఏదో రాసిచ్చారని లీలగా జ్ఞాపకం వచ్చినట్టుంది. పాస్‌బుక్కు బీరువాలో ఉంది. ఆయన నలభై ఏళ్ళుగా దానికి కవర్లు మార్చారు గానీ తెరిచి చూడలేదు.

కారు తలుపు తెరుచుకుంది. ఎక్కడికొచ్చినా కారు దిగని బాలాత్రిపురసుందరి గారు దిగారు. ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా, గట్టు మీద నడిచి వచ్చారు. చిన్నప్పుడు నడిచిన గట్టు కదా, కాళ్ళు ఒక్కసారి కూడా తడబడలేదు.

"సుందరీ, ఈ చేను నీదిట!" అన్నారు మేష్టారు.

"నాకు తెలుసుగా," అన్నారావిడ. "నన్నెవరడిగారు?"

శౌరమ్మ పకపకా నవ్వింది. దాంతో అందరికీ ఊపిరి వచ్చింది. మేష్టారు కూడా నవ్వారు, తన మీద తనే నవ్వుకోక తప్పనట్టు. ఆవిడ చక్రి చేతిలోంచి ఫారం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఆవిడ ఒక గడి దగ్గర ఆగి, వేలు పెట్టారు.

"విస్తీర్ణం ఎంత రాశావు నాయనా?"

"మూడెకరాలండి."

"కొట్టేయ్."

రామతులసి కాళ్ళ కింద బురద మరికాస్త దిగినట్టయింది.

"రెండున్నర అని రాయి. కాలవ పక్క అరెకరం నాకు కావాలి. నేను చేసుకుంటాను."

"నువ్వా! ఆ మోకాళ్ళతోనా!" అన్నారు మేష్టారు.

"నేనే. మీరొక వరస నాటగా లేనిది నేను అరెకరం చేయలేనా?" ఆవిడ రామతులసి వైపు తిరిగారు. గొంతు మెత్తబడింది. "నీ నోటి దగ్గర కూడు తీయాలని కాదే తులసీ. నాకిప్పుడు అరవై తొమ్మిది. ఈ గట్ల మీద పరికిణీ కట్టుకుని తిరిగినప్పటి నుంచీ, మా నాన్న చేలో నా చేత్తో ఒక్క పంట పండించాలని ఉంది. అప్పుడు ఆడపిల్లవన్నారు, తర్వాత లెక్చరరు గారి భార్యవన్నారు. నువ్వు నేర్పితేనే చేస్తాను. వద్దంటే చెప్పు, మూడెకరాలకీ ఇప్పుడే సంతకం పెట్టేస్తాను, పల్లెత్తు మాట అనను. నీ ఇష్టం."

అందరూ రామతులసి వైపు తిరిగారు. ఆ చేను సంగతిలో నీ ఇష్టం అని ఆమెని అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు. అరెకరం అంటే చిన్న సంగతి కాదు. అయినా ఆవిడ కళ్ళల్లో ఆశ చూస్తే కాదనడానికి నోరు రావడం లేదు. అమ్మగారిని నారుమడిలో దింపి, ఇట్టా కాదండీ అట్టా అని చేతులు పట్టి నేర్పుతున్నట్టు ఊహించుకుంటే నవ్వు కూడా వస్తోంది. ఒప్పేసుకుందామనే అనుకుంది. కానీ అంతకంటే లోతుగా ఉన్న మాట ఒకటి, తనకే తెలియకుండా, ముందు బయటికి వచ్చేసింది.

"ఒకటి అడుగుతానండీ అమ్మగారూ. ఏమీ అనుకోకూడదు. ఈ చేను మీదని మీకు మొదట్నించీ తెలుసంటున్నారు. సంతకం మీరు పెడితే చాలని కూడా తెలిసే ఉంటది. నేను నాలుగుసార్లు మీ గుమ్మంలో నిలబడ్డాను. నాలుగుసార్లూ కాఫీ మీరే తెచ్చిచ్చారు. అప్పుడెందుకు చెప్పలేదండీ?"

ఫారం మీద పెట్టబోతున్న పెన్ను గాల్లోనే ఆగిపోయింది. బాలాత్రిపురసుందరి గారు మెల్లిగా తల తిప్పి, బురద కాళ్ళతో నిలబడ్డ భర్త వైపు చూశారు.

"చెప్పేయమంటారా?" అన్నారు. ఆ చెప్పేదేమిటో వచ్చే వారం విందాం.